కదిలిన మొహం

ఈ గూటికి వచ్చి ఆరు నెలలు దాటింది. యతిప్రాసల మీద వరుసగా రాస్తానని మాట ఇచ్చి మధ్యలో మాయమయ్యానని ఇద్దరు ముగ్గురు నిష్ఠూరంగా జాబులు రాశారు. నిష్ఠూరం న్యాయమే. ఈ ఆరు నెలలూ నేను ఛందస్సును అటకెక్కించి ఛాయాచిత్రాల వెంట పడ్డాను. అరవై ఆరో ఏట పట్టిన ఈ వ్యసనానికి కారణం మా మనుమరాలు. ఇంట్లో పసిపిల్లలున్నవారికి నా తంటాలు కొంత పనికివస్తాయేమో, తక్కినవారికి కాలక్షేపమైనా అవుతుందని రాస్తున్నాను.

మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగరీత్యా కెనడా వెళ్ళారు. అక్కడ ఇల్లు కుదిరి, పిల్లకు వీసా వచ్చేదాకా ఐదేళ్ళ చిట్టిని మా దగ్గర విడిచారు. రాజమహేంద్రవరంలో రెండో అంతస్తులో మా వాటా. వారానికొక ఫొటో పంపాలని అమ్మాయి షరతు పెట్టింది. రోజూ వీడియోలో చూసుకుంటూనే ఉన్నారు గదా, మళ్ళీ ఫొటో ఎందుకమ్మా అన్నాను. "అది కదిలిపోతుంది నాన్నా. ఫొటో అయితే ఆగి చూసుకోవచ్చు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

చిట్టి బడినుంచి వచ్చి, స్నానం చేసి, జడ వేయించుకుని, నూనె దీపంలా కళకళలాడే వేళ సాయంత్రం ఆరు. నేను ఫోను పట్టుకుని నిలబడే వేళా అదే. హాల్లో ట్యూబులైటు వేసి, పిల్లను గోడకు ఆనించి నిలబెట్టి, "నవ్వమ్మా" అనేవాణ్ణి. వచ్చిన ఫొటోలో గౌను కుచ్చిళ్ళు లెక్కపెట్టవచ్చు. వెనక క్యాలెండరులో తిథి చదువుకోవచ్చు. మొహం ఉండవలసిన చోట మాత్రం తడిచేత్తో తుడిచిన పలక. మూడోవారం అమ్మాయి నుంచి జవాబు వచ్చింది: "గౌను బాగుంది నాన్నా. మొహమేదీ?"

తను సరదాగానే రాసింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

1966లో, నాకు ఏడేళ్ళు, మా తమ్ముడికి మూడేళ్ళు. మాది కొవ్వూరు దగ్గర పల్లెటూరు. అప్పటికి గోదావరి మీద రోడ్డు వంతెన లేదు. లాంచీలో దాటి రాజమండ్రి వచ్చి, ఒక స్టూడియోలో కుటుంబమంతా ఫొటో దిగాం. ముక్కాలిపీట మీద పెట్టె, దాని మీద నల్లగుడ్డ, గుడ్డలో దూరిన మనిషి. ఆయన బయటికి వచ్చి, "ఎవరూ కదలకండి" అని హెచ్చరించి, కటకం మూత తీసి, ఒకటీ రెండూ లెక్కపెట్టి మళ్ళీ మూశాడు. ఆ ఒకటికీ రెండుకీ మధ్య పైకప్పు దూలం మీద పిచ్చుక ఎగిరింది. నాకది బాగా గుర్తు. నేను కళ్ళు తిప్పకుండా బిగబట్టాను. తమ్ముడు తల తిప్పాడు.

ఆ ఫొటోలో నాన్నగారి కండువా అంచు స్పష్టంగా ఉంటుంది, అమ్మ మెడలో నల్లపూసలు స్పష్టంగా ఉంటాయి, అమ్మ ఒళ్ళో కూర్చున్న తమ్ముడి చొక్కా బొత్తాలు నాలుగూ స్పష్టంగా ఉంటాయి. బొత్తాల పైన ఒక తెల్లని పొగ. మరుసటేడు వానాకాలంలో విషజ్వరం వచ్చి వాడు పోయాడు. వేరే ఫొటో లేదు. అమ్మ 2003లో పోయేదాకా ఆ పటం తుడిచేటప్పుడు ఆ పొగ మీద వేలు ఒక్క క్షణం ఎక్కువగా నిలిచేది. గడ్డం మీద పుట్టుమచ్చ ఉండేదని చెప్పేది. నాకు ఆ పుట్టుమచ్చ గుర్తులేదు. వాడి మొహమే గుర్తులేదు. పిచ్చుక గుర్తుంది.

అందుచేత, "మొహమేదీ" అన్న ప్రశ్నను నేను తేలికగా తీసుకోలేకపోయాను.

మా ఊళ్ళో పెళ్ళిళ్ళ ఫొటోలు తీసే కుర్రవాడొకడు పదోతరగతిలో నా శిష్యుడు. కుర్రవాడంటే నలభై ఏళ్ళవాడు. శిష్యులకు వయసు రాదు. ఆదివారం పొద్దున్న పదింటికి వచ్చాడు. వస్తూనే చేసిన మొదటి పని, హాల్లో వెలుగుతున్న లైట్లన్నీ ఆర్పడం. మా ఆవిడ వంటింట్లోంచి "కరెంటు పోయిందా ఏమండీ?" అంది. రెండో పని, ఉత్తరపు కిటికీకి అడ్డంగా ఉన్న బట్టల స్టాండు పక్కకు జరపడం.

"మాస్టారండీ, ఇంట్లో వెలుగు ఎంతుందని చూస్తన్నారు మీరు. ఎటునుంచి వస్తందో చూడాలండి" అన్నాడు.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావురా?"

"మీ క్లాసులోనేనండి. పద్యం రాకపోతే కిటికీ పక్కన నిలబెట్టేవోరు గదండీ. పావుగంట అక్కడే నిలబడి అందరి మొహాల మీదా వెలుగు ఎలా పడతందో చూసేవోణ్ణండి."

చిట్టిని కిటికీకి మూడడుగుల దూరంలో, మొహం కొంచెం కిటికీ వైపు తిప్పి, పీట మీద కూర్చోబెట్టాడు. ఉతికి ఆరేసిన నా తెల్లపంచెను స్టాండు మీద పరిచి, పిల్లకు రెండోవైపున పెట్టాడు. అప్పటిదాకా చీకటిగా ఉన్న ఆ వైపు చెంప మెల్లగా తేరింది. పంచె తీశాడు, చెంప చీకటైంది. పెట్టాడు, తేరింది. నలభై ఏళ్ళు పంచెలు కట్టినవాణ్ణి, వాటికి ఈ ప్రయోజనం ఉందని నాకు తెలియదు. కళ్ళలోకి చూడమన్నాడు. రెండు నల్లగుడ్లలోనూ బుల్లి కిటికీలు మెరుస్తున్నాయి. "ఆ మెరుపు లేకపోతే మొహం ఎంత స్పష్టంగా ఉన్నా బతికున్నట్టుండదండి" అన్నాడు.

ఉత్తరపు కిటికీ ఎందుకో తరవాత నాకే బోధపడింది. కార్తీకం నుంచి మాఘం దాకా సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు గనుక ఆ కిటికీలో ఎండ నేరుగా పడదు. ఆకాశపు వెలుగు మాత్రమే వస్తుంది. అది విశాలమైన వెలుగు, అంచుల దగ్గర నీడలను కరకుగా కోయదు. పాతకాలపు స్టూడియోలవారు ఉత్తరానికి అద్దాలు పెట్టించుకున్నది ఇందుకే. తూర్పు కిటికీ మాత్రమే ఉన్నవారు పల్చటి తెల్లచీర అడ్డంగా కడితే చాలు, ఎండ పాలలా విరుగుతుంది. పిల్ల కిటికీకి దగ్గరగా ఉన్నకొద్దీ వెలుగు బలంగానూ మెత్తగానూ ఉంటుంది. నాలుగడుగులు లోపలికి జరిగితే మన కంటికి తేడా తెలియదు కాని, కెమెరాకు సాయంకాలమైపోతుంది. గోడకు ఆనించడం కూడా నా పాత తప్పుల్లో ఒకటి. గోడ ఎంత వెనక్కి ఉంటే అంత మంచిది.

అమరకోశం నానార్థవర్గంలో ఛాయ అన్న మాటకు సూర్యుని భార్య, కాంతి, ప్రతిబింబం, నీడ అని నాలుగు అర్థాలు చెప్పారు. విద్యార్థిగా వల్లించాను, ఉపాధ్యాయుడిగా వల్లింపజేశాను. కాంతికీ నీడకీ ఒకే మాట ఏమిటని ఒక్కరోజూ అనుకోలేదు. తెల్లపంచె పెట్టి తీసిన ఆ ఆదివారమే అనుకున్నాను.

ఇక మొహం ఎందుకు చెదురుతుందన్న సంగతి. వెలుగు చాలనప్పుడు ఫోను తన కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. సెకనులో పదిహేనోవంతు అంటే మనకు రెప్పపాటు కూడా కాదు; ఐదేళ్ళ పిల్లకు అది ఇటునుంచి అటు తిరిగి రావడానికి చాలినంత వ్యవధి. రాత్రిపూట తీసే ఏర్పాటు ఒకటి ఫోనుల్లో ఉంటుంది. అది వరసగా కొన్ని ఫొటోలు తీసి, వాటిని పేర్చి ఒకటి చేస్తుంది. కదలని గోపురానికి అది దివ్యంగా ఉంటుంది. చిట్టికి మాత్రం రెండు ముక్కులు, మూడు చెవులు వచ్చాయి. వ్యాకరణంలో దీన్ని ఆమ్రేడితం అంటాం. కుదురుగా కూర్చున్న పిల్లకు సెకనులో 125వ వంతు, ఆడుకుంటున్న పిల్లకు 250వ వంతు, గెంతుతుంటే 500వ వంతు ఉండాలని నా శిష్యుడి లెక్క. అంత వేగానికి ట్యూబులైటు చాలదు. పైగా మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది కనుక, ఆ లైటు సెకనుకు నూరుసార్లు హెచ్చుతగ్గులవుతూ ఉంటుందట. వేగం పెంచితే ఫొటోలో అడ్డచారలు పడతాయి. నాకు పడ్డాయి కూడా. ఫోను పాడైందనుకుని రెండురోజులు దిగులుపడ్డాను.

ఫ్లాష్ సంగతి ఒక్క మాటలో: వద్దు. మొహానికి సున్నం, కళ్ళకు ఎరుపు, వెనక గోడ మీద దయ్యం.

అల్లుడు విడిచివెళ్ళిన పాత కానన్ కెమెరా ఒకటి అల్మరాలో ఉంది. దానికి 50 మిల్లీమీటర్ల కటకం, ఎఫ్ 1.8. ఆ అంకెలతో నేను పడిన పాట్లు మీకు చెప్పకపోతే తోచదు. అంకె చిన్నదైతే రంధ్రం పెద్దదట, అంకె పెద్దదైతే రంధ్రం చిన్నదట! తెలుగు పండితుడికి లెక్కలు రావని మా బడిలో ఒక లోకోక్తి ఉండేది. అది భిన్నంలో హారం అని శిష్యుడు చెప్పాక ఊరట కలిగింది. రంధ్రం పెద్దది చేస్తే వెలుగు బాగా వస్తుందని మురిసి, 1.8 దగ్గరే పెట్టి మీటరు దూరంనుంచి తీశాను. ముక్కు కొస అద్దంలా వచ్చింది, కళ్ళు మబ్బుగా ఉన్నాయి. అంత దగ్గరగా, అంత పెద్ద రంధ్రంతో తీస్తే స్పష్టంగా వచ్చే లోతు మూడు సెంటీమీటర్లు దాటదు. ముక్కుకూ కంటికీ మధ్య దూరమే అంత ఉంటుంది. ఎఫ్ 4కు వచ్చి, ఒకటిన్నర మీటర్లు వెనక్కి జరిగితే ఆ లోతు పన్నెండు, పదమూడు సెంటీమీటర్లకు పెరిగింది. మొహమంతా అందులో ఇమిడిపోయింది. తగ్గిన వెలుగును ఐఎస్ఓ అంకెను 800, 1600 దాకా పెంచి సర్దుకున్నాను. ఫొటోలో కొంత నూక కనిపిస్తుంది. కనిపించనివ్వండి. నూకను భరించవచ్చు, పొగను భరించలేం. గురి మాత్రం ఎప్పుడూ కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీద.

కెమెరా లేనివారు బెంగపడనక్కరలేదు. ముందు ఫోను కటకాన్ని మెత్తటి గుడ్డతో తుడవండి. మా ఫోను మీద పప్పుచేతి ముద్ర ఎన్నాళ్ళుగా ఉందో! పిల్ల దగ్గరికి ఫోను తీసుకువెళితే ముక్కు పెరుగుతుంది. రెట్టింపు దగ్గర చూపే కటకం ఉంటే దానికి మార్చి, మీరు వెనక్కి జరగండి. ఇంకొక దుర్మార్గం ఉంది. మొహాలను నునుపు చేసే ఏర్పాటొకటి నాకు తెలియకుండానే మా ఫోనులో పనిచేస్తోంది. చిట్టికి రెండేళ్ళప్పుడు గడప మీద పడి నుదుట చిన్న గాటు పడింది. ఫొటోల్లో ఆ గాటు లేదు. అమ్మాయి అడిగిందాకా నేను గమనించలేదు. వెతికి వెతికి దాన్ని ఆపించాను. పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోలాగ కాక డాక్యుమెంటుగా పంపితే స్పష్టత చెడదు.

ఇన్ని కుదిరాక కుదరనిది ఒక్కటే, చిట్టి. కెమెరా చూడగానే పళ్ళన్నీ బయటపెట్టి, మెడ బిగించి ఒక నవ్వు నవ్వుతుంది. బడిలో నేర్పారట. దాన్ని నేను క్త్వార్థకపు నవ్వు అంటాను: నవ్వి, అయిపోయింది. మనకు కావలసినది శత్రర్థకం, నవ్వుతూ. దానికోసం వారాల తరబడి కోతిచేష్టలు చేశాను. చివరికి దారి చూపింది మా ఆవిడ. ఒకనాడు అది పీట మీద కూర్చుని అమ్మమ్మతో చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. "ఏమండీ, ఇప్పుడు తీయండి. చేతిలో పనుంటే మొహం దాని మొహంలా ఉంటుంది" అంది. తీశాను. అంతవరకు వచ్చినవాటిలో అదే మొదటి మంచి ఫొటో.

నా వంతు ఉపాయం ఒకటి కనిపెట్టాను, అది నా వృత్తివిద్య. కోతీ మొసలీ కథ చెబుతూ, మొసలి నడినీట ఆగి "నీ గుండె కావాలి" అన్నచోట నేనూ ఆగిపోతాను. ముప్పైయేళ్ళకు పైగా తరగతిలో వాడిన ఎత్తు ఇది. ఆ విరామంలో నలభైమంది పిల్లలు ఊపిరి బిగబట్టడం ఎన్నిసార్లు చూశానో. చిట్టి కూడా బిగబడుతుంది. కళ్ళు పెద్దవవుతాయి, పెదవులు కొంచెం విడతాయి, చెయ్యి గాలిలో ఆగిపోతుంది. సెకనులో 250వ వంతు ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు. నేను మూడు తీసి కథ కొనసాగిస్తాను. కథ ఆపి కెమెరా చూసుకుంటే మాత్రం ఆ రోజుకు బేరం ముగిసినట్టే.

నేల మీద కూర్చుని తీయాలని కూడా శిష్యుడు చెప్పాడు, పిల్ల కంటికి సమంగా. నా మోకాళ్ళు దీనికి చాలాకాలం ఒప్పుకోలేదు. కూర్చున్నాక మొదటిసారి చిట్టి మొహం ఎదురుగా చూశాను. అంతకుముందు ఎప్పుడూ దాని పాపిడే చూస్తున్నానని అప్పుడు తెలిసింది. బడిలో వేదిక మీదనుంచి ఎన్ని పాపిళ్ళు చూశానో, ఆ సంగతి ఇప్పుడెందుకు.

నా బోటివారు పూర్వం కూడా ఉన్నారు. జూలియా మార్గరెట్ కామెరాన్ అనే ఇంగ్లీషావిడ 1815లో కలకత్తాలో పుట్టింది. ఆవిడకు నలభై ఎనిమిదో ఏట, 1863లో, కూతురూ అల్లుడూ కెమెరా కానుక ఇచ్చారు. కోళ్ళ కోసం కట్టిన అద్దాల గూటిని స్టూడియో చేసుకుని, మరుసటి జనవరిలో ఆనీ అనే చిన్నపిల్ల బొమ్మ తీసి, ఇదే నా మొదటి విజయమని సంబరపడింది. ఆవిడ బొమ్మలు మసకగా ఉంటాయని ఆనాటి నిపుణులు తిట్టిపోశారు. నేను ఆ బొమ్మలను తెర మీద చూశాను. మసక ఉన్నమాట నిజం. అయినా ఆ పిల్లల మొహాలు చెదరలేదు. ఎవరెవరో తెలుస్తూనే ఉంది. ఆవిడ మసక ఇష్టపడి ఉంచుకున్నది. మా తమ్ముడిది ఎవరూ కోరుకున్నది కాదు.

ఆ పటం చూసి శిష్యుడు ఒకరోజు ఉత్సాహపడ్డాడు. కృత్రిమమేధ ఇప్పుడు పాత ఫొటోలను బాగుచేస్తోందండి, ఇలా ఇవ్వండి అన్నాడు. ఇచ్చాను. సాయంత్రానికి పంపాడు. పొగ ఉన్నచోట ఒక చక్కని పిల్లవాడు. పెద్ద కళ్ళు, బూరెబుగ్గలు, చిన్న నవ్వు. మా ఆవిడ "ఎంత ముద్దుగా ఉన్నాడండీ" అంది. గడ్డం మీద పుట్టుమచ్చ లేదు. ఉండదు గదా, యంత్రానికి మా అమ్మ చెప్పలేదు. చాలాసేపు చూశాను. ఆ పిల్లవాడు ఎవరో నాకు తెలియదు. ఇంకొక నాలుగు రోజులు చూస్తే ఇతనే మా తమ్ముడని నమ్మేస్తానని భయం వేసింది. తుడిచేయమని శిష్యుడికి చెప్పి, నా ఫోనులోంచి నేనూ తుడిచేశాను. వాడు కొంచెం నొచ్చుకున్నాడు. నేను సరిగా చెప్పలేకపోయాను.

ఒక్కొక్కసారి అనిపిస్తుంది, ఆ ఫొటో కోసం మేము గోదావరి దాటవలసిన పని లేదని. మా ఊళ్ళో ఇల్లు మండువా లోగిలి. నడుమ ఆకాశం తెరుచుకుని ఉంటుంది, చుట్టూ వసారాలు. ఎండ మండువాలో పడితే వసారాలో కూర్చున్నవారి మొహాల మీద దాని వెలుగు మాత్రమే పడుతుంది. పెట్టెకెమెరాను అక్కడికే తెప్పించి ఉంటే అంతసేపు మూత తెరవవలసిన అవసరం ఉండేది కాదేమో. ఆ ఇల్లు ఇప్పుడు లేదు.

చిట్టికి ఫాల్గుణంలో వీసా వచ్చింది. తీసిన రెండువేల చిల్లర ఫొటోల్లోంచి పన్నెండు ఎంచి, కాగితం మీద అచ్చువేయించాను. ఆరు అమ్మాయికి, ఆరు మాకు. అన్నిటిలోనూ నుదుటి గాటు కనిపిస్తుంది.

ప్రయాణానికి రెండు రోజుల ముందు, సామాన్లు సర్దుతుంటే పాత పటం దాని కంటపడింది.

"తాతా, ఈ బాబుకి మొహం ఏదీ?"

"తల తిప్పాడమ్మా. పిచ్చుక ఎగిరితే చూశాడు."

"పిచ్చుక ఏదీ?"

"పైన ఉంది."

అది రెండు చేతులతో పటం ఎత్తుకుని, ఎవరూ చెప్పకుండానే ఉత్తరపు కిటికీ దగ్గరికి నడిచి, పీట మీద కూర్చుని, వెలుగుకేసి వంచి, అమ్మ తలకు పైనున్న చీకట్లో పిచ్చుక కోసం వెతకడం మొదలుపెట్టింది. కెమెరా అప్పటికే సంచిలో సర్దేశాను. తీసి, మూత ఊడదీసేలోపల వాళ్ళ అమ్మమ్మ అన్నానికి పిలిచింది.